తాండూరు దాటని ఉస్తర

దయ్యాల కథలు చెప్పేవాళ్ళను చూస్తే నాకు నవ్వు రాదు, కోపం వస్తుంది. చీకట్లో ఏదో కదిలిందంటారు, వెనక నుంచి ఎవరో పిలిచారంటారు. లైటు వేసి చూశారా అని అడిగితే నోరు మెదపరు. నాది తాండూరులో కందుల వ్యాపారం. గింజను పంటి కింద కొరికి చూస్తే గానీ మాట ఇవ్వని మనిషిని. అలాంటి నేను ఇది రాయాల్సి వచ్చింది. నమ్మమని ఎవరినీ బతిమాలను. జరిగింది జరిగినట్టు చెప్తాను, అంతే.

మా తాత దగ్గర ఒక ఉస్తర ఉండేది. ఉస్తర అంటే గడ్డం గీసుకునే మడత కత్తి. తాత గింజల బేరానికి కొడంగల్, సేడం, గుల్బర్గా తిరిగేవాడు. ఎక్కడికి పోయినా ఒక రేకు పెట్టెలో ఉస్తర, సబ్బు గిన్నె, బ్రష్షు, పటిక ముక్క, తోలు పట్టా సర్దుకుని పోయేవాడు. గీసుకునే ముందు కత్తిని ఆ పట్టా మీద అటూ ఇటూ రుద్దాలి. లేకపోతే పదును నిలవదు. తాత తన గడ్డం ఇంకొకరి చేతికి ఇచ్చిన మనిషి కాదు.

తాత పోయాక మా నాయిన, కాక పంపకాలు చేసుకున్నారు. కాక అంటే నాయినకు తమ్ముడు. ఇల్లు, దుకాణం, పొలం అన్నీ నిమ్మళంగా తెగాయి. ఈ ఉస్తర దగ్గర తెగలేదు. ఇద్దరూ నాదంటే నాదన్నారు. చివరికి ఉస్తర నాయిన దగ్గర, తోలు పట్టా కాక దగ్గర మిగిలాయి. కాక ఆ పట్టా భుజాన వేసుకుని వికారాబాద్ వెళ్ళిపోయాడు. ఉస్తర తన చేతికి వచ్చేదాకా ఈ గడప తొక్కనన్నాడు. అన్నట్టే తొక్కలేదు. నా పెళ్ళికి ఫంక్షన్ హాలుకు వచ్చి, భోంచేసి, అటునుంచి అటే వెళ్ళిపోయాడు.

నాయిన కూడా తక్కువవాడు కాదు. మొద్దుబారిన ఆ కత్తిని అరచేతికి రుద్దుకుంటూ, బుగ్గలు కోసుకుంటూ గీసుకున్నాడు గానీ కొత్త పట్టా కొనలేదు. మా ఇంట్లో మొండితనం ఒక్కటే అందరికీ సమానంగా పంచారు.

నాయిన పోయిన ఏడాది పోయాడు. ఆస్పత్రి మంచం మీద ఉన్నప్పుడు, ఆ ఉస్తర కాకకు ఇవ్వమని చెప్పాడు. సరేనన్నాను. ఆ మాట చెప్పడానికి ఆయన ఎంత కష్టపడ్డాడో నాకు తెలుసు. కాక దహనానికి వచ్చాడు, ఇంటికి మాత్రం రాలేదు. అక్కడే చూశాను, ఆయన కుడిచేయి వణుకుతోంది. జబ్బు మొదలైందని, వణుకు ఇంకా పెరుగుతుందే గానీ తగ్గదని డాక్టరు చెప్పాడట. అంటే ఆ చేయి ఉస్తర పట్టగలిగినన్నాళ్ళే నాయిన మాటకు విలువ. తర్వాత ఇచ్చినా ఒకటే, ఇవ్వకపోయినా ఒకటే.

కర్మలన్నీ అయ్యాక కాకకు ఫోను చేసి, నేనే తెచ్చి ఇస్తానని చెప్పాను.  "తే మరి" అన్నాడు ఆయన.

మొదటిసారి ప్యాసింజరు రైల్లో వెళ్ళాను. సామాను తాత రేకు పెట్టెలోనే సర్దాను. ఉస్తరను పాత తువ్వాలలో చుట్టి అడుగున పెట్టి, పైన గిన్నె, బ్రష్షు పెట్టాను. కాక ఇంట్లో పెట్టె తెరిస్తే అన్నీ ఉన్నాయి. తువ్వాల చుట్టలో మాత్రం ఏమీ లేదు. ఇంటికి ఫోను చేస్తే మా ఆవిడ పోయి చూసింది. "మీరు తీస్కపోనే లేదు గదా. గూట్లనే ఉన్నది" అంది. గూడంటే మా వరండాలో అద్దం కింద ఉన్న చెక్క గూడు. నాయిన ఉస్తరను ఎప్పుడూ అక్కడే పెట్టేవాడు.

మర్చిపోయాననుకున్నాను. కాక కూడా నవ్వాడు. అందులో వింతేముంది, ఇంట్లో మనిషి పోయిన రోజులు.

రెండోసారి జాగ్రత్త పడ్డాను. ఉస్తరను తువ్వాలలో చుట్టి, దారంతో కట్టి, స్టీలు టిఫిను డబ్బాలో పెట్టి మూత బిగించాను. ఇదంతా మా ఆవిడ చేత ఫోనులో వీడియో తీయించాను. బస్సులో డబ్బా ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాను. ఈసారి మూత కాకే తీశాడు. దారం ముడి నేను వేసినట్టే ఉంది. ముడి విప్పితే వట్టి తువ్వాల.

కాక మొహం ఎర్రబడింది. "ఇయ్యబుద్ధి గాకుంటె ఇయ్యనని చెప్పురా. గీ ఆటలెందుకు? మీ నాయిన సచ్చినా గది ఇడువడని నాకెర్కే" అన్నాడు.

నేను వీడియో చూపించబోయాను. ఫోను తోసేశాడు. నన్ను అబద్ధాలకోరు అన్నందుకు కాదు నా బాధ. పోయిన మనిషి చివరికి మనసు మార్చుకుని చెప్పిన మాట నా చేతిలో అబద్ధమైపోతోంది. ఇంటికి రాగానే ఆ కోపమంతా అమ్మ మీద, మా ఆవిడ మీద చూపించాను. మీలో ఎవరు తీసి గూట్లో పెడుతున్నారో చెప్పండని నిలదీశాను. అమ్మది సేడం వైపు. కోపమొస్తే ఆమె నోట కన్నడం వస్తుంది, పిచ్చిని హుచ్చు అంటుంది. "హుచ్చా నీకు? నువ్వు కట్టిన ముడి నేనెట్ల ఇప్పుత, నువ్వు బస్సుల ఉంటె?" అంది. అదీ నిజమే.

నాకు పట్టుదల పెరిగింది. అది ఎలా రాదో చూస్తాననుకున్నాను. మూడోసారి మోటారు సైకిల్ మీద బయల్దేరాను. ఉస్తరను బనియను జేబులో పెట్టి, జేబుకు పిన్నీసు గుచ్చి, పైన చొక్కా గుండీలన్నీ పెట్టుకున్నాను. దారి పొడుగునా గుండె మీద దాని బరువు తెలుస్తూనే ఉంది. ధారూర్ దగ్గర చాయ్‌కి ఆగి, పిన్నీసు తీసి, దాన్ని బయటికి తీసి విప్పి చూశాను. చాయ్ పోసే ఆయన నన్ను ఎగాదిగా చూసి, "గడ్డం ఈడనే చేస్కుంటవా అన్నా?" అన్నాడు. మళ్ళీ పెట్టుకుని పిన్నీసు గుచ్చాను. వికారాబాద్‌లో కాక వాళ్ళ సందు మొదట్లో బండి ఆపి చెయ్యి పెట్టి చూసుకున్నాను. పిన్నీసు పిన్నీసులాగే ఉంది. జేబు ఖాళీ.

అప్పుడు భయపడ్డాను. పట్టపగలు, ఎండ కొడుతోంది, పక్కన కూరగాయల బండి మీద బేరం నడుస్తోంది. అయినా కాక ఇంటికి పోకుండానే వెనక్కి తిరిగాను. బండి మీద వస్తూ దారి పక్కన ఎక్కడైనా పడిందేమోనని చూసుకుంటూ వచ్చాను. ఇంట్లో గూట్లో, మడత పెట్టి, పిడి గోడ వైపు పెట్టి ఉంది. నాయిన పెట్టేది అలాగే.

అమ్మ వరండాలో కూర్చుని కందిపప్పులో రాళ్ళు ఏరుతోంది. నా మొహం చూసి చాట పక్కన పెట్టింది.

"మీ నాయిన నీకు ఏమన్నడు? ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పు."

"కాకకు ఇయ్యమన్నడు."

"నేను ఆన్నే ఉన్న గదరా. పిల్సి ఇయ్యి అన్నడు. తీస్కపోయి ఇయ్యి అనలె."

ఫోను చేశాను కదా అన్నాను. నిజంగానే అప్పటిదాకా అదే పిలుపనుకున్నాను. అమ్మ నన్ను చిన్నపిల్లవాణ్ణి చూసినట్టు చూసింది. "ఫోను కొట్టుడు పిలుసుడా? పెండ్లికి గట్లనే పిలుస్తరా? ఇంటికి పోయి, ఇంటికి రమ్మని పిలువాలె" అంది.

పిలుపుకీ కత్తి మాయం కావడానికీ సంబంధమేమిటని చిరాకు పడ్డాను. కానీ మర్నాడు ఖాళీ చేతులతో వికారాబాద్ వెళ్ళాను. ఇంటికి రా కాకా, నీ చేత్తో నువ్వే తీసుకో అని పిలిచాను. ఆయన టీవీ మీంచి కళ్ళు తిప్పలేదు. "ఉస్తర నా చేతికొచ్చినంకనే వస్త. నా మాట మాటే" అన్నాడు. గ్లాసు పట్టుకున్న చేయి వణికి నీళ్ళు లుంగీ మీద ఒలుకుతున్నాయి. అయినా గ్లాసు కింద పెట్టడు.

కాక కూతురు సుజాత అక్కడే స్కూల్లో టీచరు. నన్ను సాగనంపడానికి గేటు దాకా వచ్చి, "అన్నా, నేనొచ్చి తెస్త. నా చేతుల నుంచి ఎట్ల పోతదో చూస్త" అంది. ఆమె ఒంట్లోనూ మా రక్తమే కదా.

ఆదివారం పొద్దున వచ్చింది. గూట్లోంచి తనే తీసింది. హ్యాండ్‌బ్యాగు లోపలి అరలో పెట్టి జిప్పు వేసింది. స్టేషన్ దాకా నేను పోలేదు. మా ఆవిడ దింపి వచ్చింది. నేను వరండాలో కుర్చీ వేసుకుని గూటికి ఎదురుగా కూర్చున్నాను. ఇవాళ అది వస్తే నా కళ్ళ ముందే రావాలి. గూట్లో దువ్వెన, కొబ్బరినూనె సీసా ఉన్నాయి. ఉస్తర ఉండే చోట సన్నటి దుమ్ము గీత ఉంది. నేను అన్నం తినడానికి కూడా లేవలేదు. అమ్మ ఏదో గొణుక్కుంటూ పళ్ళెం పక్కన పెట్టి పోయింది.

ఫోను మోగింది. సుజాత. పేరు చూడటానికి తల దించాను, ఎత్తాను. "అన్నా, ఇంటికొచ్చిన. బ్యాగుల లేదు" అంటోంది.  ఉస్తర గూట్లో ఉంది. దువ్వెన పక్కన, పిడి గోడ వైపు. వరండాలో నేను తప్ప ఎవరూ లేరు. గ్రిల్ గేటుకు గొళ్ళెం పెట్టి ఉంది. ముందు అక్కడ లేదు, తర్వాత ఉంది. 

సుజాత ఫోను పెట్టకుండానే ఏడ్చేసింది. వెనక నుంచి కాక గొంతు వినపడింది, ఏమైంది బిడ్డా, ఏమైంది అని. తర్వాత ఆయనే ఫోను తీసుకున్నాడు.

"నా బిడ్డ అబద్ధమాడదు" అన్నాడు. ఫోను పెట్టేశాడు.

మర్నాడే వచ్చాడు. ఒక్కడే, రైల్లో. తోలు పట్టా మెడ చుట్టూ కండువాలా వేసుకుని గేటు ముందు నిలబడ్డాడు. నేను ఎదురు పోబోతే అమ్మ నా చెయ్యి పట్టి ఆపి, తనే ముందుకు పోయింది. "రా" అంది. ఆయన గడప దగ్గర ఆగాడు. చూపు కిందికి దిగింది. చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. "మంచిగున్నవా వదినె" అన్నాడు. అమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

గూడు దగ్గరికి ఎవరూ దారి చూపించలేదు. నేరుగా పోయి ఉస్తర తీసుకున్నాడు. పట్టా ఒక కొనను కిటికీ ఊచకు తగిలించి, రెండో కొన లాగి పట్టుకుని రుద్దడం మొదలుపెట్టాడు. ఆ చేత్తో మెడ దగ్గర కత్తి పెడతాడేమోనని భయం వేసింది. నేను గీస్తానన్నాను. ఒక్క చూపు చూశాడు, నోరు మూసుకున్నాను. అద్దం ముందు నురగ పెట్టుకుని గీసుకున్నాడు. చేయి వణకలేదు. కత్తి కడిగి కింద పెట్టగానే మళ్ళీ వణికింది. తర్వాత డాక్టరును అడిగితే, ఎన్నాళ్ళ నుంచో చేతికి అలవాటైన పనుల్లో ఒక్కోసారి అలా ఉంటుందన్నాడు. ఆయన మాట నేనూ ఒప్పుకున్నాను. అది వింతల లెక్కలో వేయడం లేదు.

అమ్మ జొన్నరొట్టె, పుంటికూర పెట్టింది. ఇద్దరూ నాయిన గురించి మాట్లాడుకున్నారు, తిట్టుకున్నారు కూడా. సాయంత్రం కాక ఉస్తరను చొక్కా జేబులో పెట్టుకుని లేచాడు. నేను వెంట వెళ్ళాను. రైల్లో ఆయన జేబు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. నేను ఆ చేతినే చూస్తూ కూర్చున్నాను. తాండూరు దాటింది, ధారూర్ దాటింది. ఉందా అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

వికారాబాద్‌లో దిగాం. ప్లాట్‌ఫారం మీద మంది తోసుకుంటున్నారు. ఆయన పక్కకు జరిగి, జేబులో చెయ్యి పెట్టి తీశాడు. ఉస్తర ఉంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. నున్నగా గీసిన బుగ్గల మీద కన్నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు.

"ఇది రాకపోవుడు గాదురా" అన్నాడు. "నేను రాలె. అన్న ఉన్నన్ని దినాలు నేను రాలె."

ఉస్తర ఇప్పుడు ఆయన దగ్గరే ఉంది, ఉన్నచోట ఉంటోంది. వీడియో నా ఫోనులో ఉంది, చాలాసార్లు చూశాను, అందులో నా చేతులు కత్తిని చుట్టి డబ్బాలో పెట్టడం స్పష్టంగా కనిపిస్తుంది. మరి ఆ దారుల్లో అది ఎక్కడ దిగిపోయింది, నేను తల దించి ఎత్తేలోపు గూట్లోకి ఎలా వచ్చింది నాకు తెలియదు. ఆ రోజు ప్లాట్‌ఫారం మీద నుంచి కాకను చేయి పట్టుకుని ఇంటి దాకా నడిపించుకుంటూ పోయాను.