సమాధుల తోటలో ఎర్రచార లిల్లీ

డిసెంబరు మొదటి శనివారం, పొద్దున్న పదింపావు. క్రిస్మస్ పండగ ముందు గడ్డి కోద్దామని కొడవలి పట్టుకుని మా ఊరి సమాధుల తోటకి వెళ్ళాను. మాది అవనిగడ్డకి దిగువన. గేటు తాళం తీసి ఉంది. లోపల ఎవరో మనిషి పసిపిల్లల వరసలో గొంతుక్కూర్చుని పీకిన ఆరు లిల్లీ గడ్డలకి అంటిన మట్టి దులుపుతున్నాడు. పక్కన కాలేజీ పిల్లలిద్దరు స్కేలు పెట్టి ఆకుల వెడల్పు కొలుస్తున్నారు. మా మరిది, సంఘ పెద్ద, గోడ నీడన కుర్చీ వేసుకుని వాళ్ళు తెచ్చిన టీ తాగుతున్నాడు.

ఆ వరస సంగతి చెప్పాలి. సిమెంటు కట్టించే తాహతు లేనివాళ్ళం బిడ్డని పూడ్చిన చోట తలవైపు అడవి లిల్లీ గడ్డ పాతేవాళ్ళం. కాలవగట్ల మీద దానంతటదే మొలిచేది, కొనక్కర్లేదు. ఏడో నెలలో పోయిన నా పెద్దపిల్ల అక్కడే ఉంది. కర్ర సిలువ మీద దాని పేరు ఎవరో రాశారు. నాకప్పుడు అక్షరాలు రావు. యాభై దాటాక నేర్చుకున్నాను. అప్పటికి కర్రని చెదలు తిన్నాయి, తిన్నెల్ని వరద నీళ్ళు చదును చేసేశాయి. మిగిలింది పువ్వు. వరసలో మిగతావన్నీ తెల్లగా పూస్తాయి. నా పిల్లది రేకు మధ్యన ఎర్రచారతో పూస్తుంది. వానల్లో అది చూసి చోటు ఆనవాలు పట్టేదాన్ని. పువ్వు లేకపోతే ఆకు చూసి చెప్పడం నా వల్ల కాదు.

ఆ మట్టి దులుపుతున్నతను గుడివాడలో లెక్చరరట. ఎర్రచార పువ్వు ఫొటో ఎవరో పంపితే వచ్చాడు. అడవి లిల్లీల్లో ఏది ఏ జాతో తేల్చడం అతని పని. ఇవన్నీ ఒకటే జాతని, ఒకే జాతిలోనూ రంగూ ఆకూ మారుతుంటాయని, ఆ ఎర్రచార ఉప్పునేల వల్ల వచ్చిందో గడ్డలోనే ఉందో తెలియాలంటే అన్నిటినీ ఒకే మట్టిలో పెంచాలని నాకు పాఠం చెప్పాడు.

"ఒకటే జాతైతే ఒకటి పీకితే చాలదా? ఆరెందుకు?" అన్నాను.

"తేడాలు చూడాలంటే ఒక్కటి చాలదండి."

ఏ గడ్డ ఏ గుంటలోదని అడిగాను. ఆ పిల్లలు మొహాలు చూసుకున్నారు. తోట మొత్తాన్ని ఒకే చోటుగా రాసుకున్నారట. వెడల్పాకువి ఒక సంచిలో, సన్నాకువి ఒక సంచిలో సర్దేశారు. గుంటలు పూడ్చేశారు. సమాధుల మధ్య గుంటలు తెరిచి ఉంచడం మర్యాద కాదని పూడ్చామంది ఒక పిల్ల. ఆరుచోట్ల కొత్తమట్టి, అన్నీ ఒకేలా.

ఎవరూ రాని పాత సమాధులు, తీసుకెళ్ళండి అన్నది మా మరిదేనట. కుర్చీలోంచి లేవకుండానే నన్నడిగాడు: "ఏంటొదినా ఈ గోల? ఇన్నేళ్ళుగా వస్తున్నావు, సొంత పిల్ల చోటు తెలీదా నీకు?"

"ఆనాడు దాన్ని పూడ్చిన గుంట తవ్వింది నువ్వు. నీకు తెలుసా?"

"ఎప్పటి మాటో!" అన్నాడు. టీ పూర్తి చేశాడు.

లెక్చరరు లేచి నిలబడ్డాడు. "వచ్చే వానల్లో పూసినప్పుడు ఎర్రచారది నేనే తెచ్చిస్తానండి."

"తెచ్చి ఎక్కడ పెడతావు?"

అతను కొత్తమట్టి వైపు చూశాడు.

ఆరు గడ్డలూ అతని చేతే తిరిగి పాతించాను, ఏది చేతికొస్తే అది. పోనీ ఒక చిన్న పిల్లగడ్డయినా ఇమ్మన్నాడు. గేటు చూపించాను. నిజానికి ఆ ఎర్రచార గడ్డ ఈ ఉప్పునేలది కాదు. గుడివాడ దగ్గర మా పుట్టింటి కాలవగట్టు మీద తవ్వి మా అమ్మ తెచ్చింది, అక్కడా ఎర్రచారతోనే పూసేది. ఆ మాట చెబితే అతనికి సగం పని తేలిపోయేది. చెప్పలేదు. కావాలంటే వానల్లో ఇక్కడికే వచ్చి చూసి చదువుకోనీ.

వానలకి ఎర్రచార పూస్తుంది. ఎవరి బిడ్డ తల దగ్గర పూస్తుందో ఇక నాకు తెలియదు.

ఆ రోజు అక్కడున్నవాళ్ళం: నేను, లెక్చరరు, అతని పిల్లలిద్దరు, మట్టికింద ఆరుగురు పసివాళ్ళు, వాళ్ళలో ఒకతె నా పిల్ల. తాళం తీసిన మా మరిది. సంఘ పెద్ద పేరు ఎప్పుడూ ముందుండాలంటాడు, అందుకే చివర రాశాను.