మొయినాబాద్ కంటే ఏడు నిమిషాలు ముందు

జూలై తొమ్మిది, మంగళవారం, నా చేతి గడియారం ప్రకారం ఉదయం పది గంటల ఇరవై నాలుగు నిమిషాలకు చేవెళ్లలో ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. విషయం: డిజిటల్ బోధన, విమర్శనాత్మక ఆలోచన. ఎవరు ఏది చెప్పినా "ఎట్ల తెలుసు?" అని అడిగే అలవాటు పిల్లలకు నేర్పాలని శిక్షకుడు తెర మీద చూపించాడు. వెనక బెంచీలో ఒక మాస్టారు చేయెత్తితే, "డౌట్లన్నీ లాస్టుల, సార్" అన్నాడు. చివరికి భోజనాలు వచ్చాయి. పప్పుచారు బాగుంది. ప్రశ్న సంగతి అడగబోయినవాడే మరిచిపోయాడు.

మర్నాడు మొయినాబాద్‌లోని మా బడిలో, తొమ్మిదో తరగతి డిజిటల్ బోర్డు మీద అదే మాట రాశాను. పిల్లలు నోటు పుస్తకాల్లోకి ఎక్కించుకున్నారు. అక్కడే ఉండిపోతుందనుకున్నాను. ఇరవై రెండేళ్ల సర్వీసులో నేను రాయించినవన్నీ అక్కడే ఉండిపోయాయి.

ఉదయం బడి గేటు దగ్గర నిలబడేది నేనే. తొమ్మిదీ పదిహేను దాటితే ఆలస్యం. వచ్చిన నిమిషం రిజిస్టరులో రాసి, పక్కన ఆ విద్యార్థి చేత సంతకం పెట్టిస్తాను. బడి గంట కూడా నా గడియారం అడిగే కొడతారు. ఐదు ఆలస్యాలైతే చేవెళ్ల సైన్స్ ఫెయిర్ జాబితాలోంచి పేరు తీసేయాలన్నది నేను పెట్టిన నియమం.

సురంగల్ నుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయికి జూలై ఇరవైకల్లా ఐదూ నిండాయి. చేనులో తడి ఆరగానే మోగే చిన్న పరికరం తయారు చేసింది ఆమె. తరగతిలో దానికి సాటి వచ్చేది ఇంకొకటి లేదు. అయినా పేరు కొట్టేశాను. నియమానికి మొహమాటం ఉండకూడదని ఆ రోజు డైరీలో రాసుకున్నాను, కాస్త గర్వంగానే.

సోమవారం తరగతిలో ఆమె నా బల్ల మీద ఐదు జీరో టికెట్లు వరుసగా పరిచింది. బస్సులో ఆడవాళ్లకు డబ్బు తీసుకోకుండా ఇచ్చే టికెట్లవి. ఎక్కిన సమయం వాటి మీద అచ్చయి ఉంటుంది.

"ఇది చూడుండ్రి మేడం. ఎక్కింది ఎనిమిది యాభై ఎనిమిదికి. బస్సుల పది నిమిషాలు, నడిస్తే రెండు. మీరేమో తొమ్మిది పదిహేడు రాసిన్రు. అయిదు దినాలు గిట్లనే ఏడేసి నిమిషాలు ఎక్కువొస్తున్నయి. పదిహేడని ఎట్ల తెలుసు మేడం?"

"నా గడియారం చూసి."

"మరి దానికెట్ల తెలుసు?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె డిజిటల్ బోర్డు కింది మూల చూపించింది. అక్కడ 10.40. నా చేతికి 10.47. ఆ మూలన సమయం కనబడుతుందని నాకు ముందే తెలుసు. నెట్టు సరిగా లేక అది వెనకబడిందనీ, నా ఫోనుకూ అదే జబ్బనీ ఎప్పుడో తీర్మానించి పెట్టుకున్నాను.

స్టాఫ్ రూములో, బడి గంట కొట్టే అటెండర్‌ను నా గడియారం సంగతి అడిగితే తల గోక్కున్నాడు.

"అందరికి ఎరుకే మేడం."

"మరి నాకెందుకు చెప్పలేదన్నా?"

"పొద్దుగాల బడి గంట ఏడు నిమిషాలు ముందు కొడితే సాయంత్రం గూడ ముందే కొడ్తం గద. లెక్కల సార్‌కు మోకిలకు పోయే బస్సు దొరుకుతున్నది. మీకు చెప్పి మేమెందుకు లాసైతం?"

లెక్కల మాస్టారు పేపరు పైకెత్తి మొహం దాచుకున్నాడు.

ఇంటికి వెళ్లి పాత డైరీలు దించాను. దొరికింది. నాలుగేళ్ల కిందటి జూన్‌లో, నా చేతిరాతే: "బస్సు తప్పిపోకుండా గడియారం ఏడు నిమిషాలు ముందుకు తిప్పాను. గుర్తుంచుకోవాలి."

మర్నాడు తరగతి అంతా చూస్తుండగా ఐదు ఆలస్యాలనూ ఎర్ర సిరాతో కొట్టేసి, జాబితాలో పేరు మళ్లీ రాసి, సంతకం చేసి సమయం వేశాను. అమ్మాయి ముందు బోర్డు మూల చూసింది, తర్వాత నేను వేసిన అంకె చూసింది.

"ఇప్పుడు కరెక్టున్నది మేడం."

పోయినవి: రిజిస్టరులో ఐదు ఆలస్యాలు, గేటు దగ్గర నా పెత్తనం, లెక్కల మాస్టారి బస్సు. మిగిలినవి: జాబితాలో ఒక పేరు, డైరీలో అతికించిన ఐదు జీరో టికెట్లు, ఒక చేతి గడియారం. అన్నట్టు, జూలై తొమ్మిదిన చేవెళ్లలో శిక్షణ మొదలైంది పది గంటల పదిహేడు నిమిషాలకు.