సబ్బుల దొర కోటలో పెద్దత్తయ్య ప్రార్థన

ఆ రోజుల్లో ఏది కనిపించినా దాని వయసెంతో తెలుసుకోవాలని నాకు మహా ఆరాటం. అమెరికాలో, పార్సిప్పనీ అనే ఊళ్లో మా అపార్ట్‌మెంట్ కన్నా పాతది నాన్న కారొక్కటే కాబట్టి, ఊరవతల గుట్టమీదున్న కోట మీద పిచ్చి ప్రేమ పెంచుకున్నాను. నిజానికి అదీ అంత పాతదేం కాదు. సబ్బులమ్మి కోటీశ్వరుడైన ఒక దొరకి రాజులా బతకాలని బుద్ధి పుట్టి, యూరప్ కోటల బొమ్మలు ముందేసుకుని కట్టించుకున్నాడు. మొనదేలిన కమానులు, బురుజులు, బాణాలు వేయడానికి సన్నటి కిటికీలు (ఆ గుట్టమీదికి దండెత్తి వచ్చినవి జింకలే, అదీ తోటలో గులాబీల కోసం). రాతి వెనకాల మాత్రం ఇనప దూలాలు. పార్కులో ఒక కూలిపోయిన గోడ కూడా ఉంది, దాన్ని అలా కూలినట్టే కొత్తగా కట్టించాడట. అంత ముచ్చటపడిన మనిషంటే నాకెందుకో జాలి.

కాలేజీలో హిస్టరీ తీసుకుంటానంటే నాన్న "అది చదివి ఏం జాబ్ చేస్తావ్?" అన్నారు. చివరికి ఒప్పందం కుదిరింది. ఆ సమ్మర్‌లో కోటలో గైడ్ ఉద్యోగం వస్తే హిస్టరీ, రాకపోతే నోరు మూసుకుని కంప్యూటర్ సైన్స్. కోట మేనేజరమ్మ, ముందుగా ఒక టూర్ చేసి చూపించమంది. సరిగ్గా ఆ రోజే నాన్న, బాపట్ల నుంచి వచ్చిన మా పెద్దత్తయ్యనీ, మా తెలుగు చర్చి ఆంటీలనీ వెంటేసుకుని దిగారు.

పెద్ద హాలు తలుపు తెరిచానో లేదో, ఆ కమానులూ, రంగు అద్దాల్లోంచి పడే వెలుగూ చూసి అత్తయ్య గుమ్మంలోనే చెప్పులు విడిచి, కొంగు తలమీదికి లాక్కుంది. వాళ్ల ఊళ్లో మిషనరీ దొరలు కట్టిన చర్చి అచ్చం ఇలాగే ఉంటుంది మరి. ఆవిడని చూసి ఆంటీలు విడిచారు. వాళ్లని చూసి, ఇక్కడ ఇదేదో రూల్ కాబోలనుకుని టూర్‌కొచ్చిన అమెరికన్లు కూడా బూట్లు విప్పేశారు.

"అమ్మడూ, ఆ అద్దంలో గడ్డమాయన పేతురా, పౌలా?"

"సబ్బుల వ్యాపారి అత్తయ్యా! ఇది చర్చి కాదు..."

అప్పటికే కళ్లు మూసుకుంది (అత్తయ్య ప్రార్థన మొదలెడితే పొయ్యిమీద అన్నం మాడాల్సిందే). "ప్రభువా, ఈ మందిరంలో మా పిల్లకి ఉద్యోగం దయచేయి తండ్రీ!" ఆ గొంతు కమానులకి తగిలి హాలంతా మోగింది. మెట్లమీద మేనేజరమ్మ. నా బతుకింక కంప్యూటర్లకే అంకితం అనుకున్నాను.

"ఆవిడ ఏమంటున్నారు?" అని మేనేజరమ్మ ఇంగ్లిష్‌లో అడిగింది.

"ఈ ఇంటిని దీవిస్తున్నారు" అన్నాను.

మేనేజరమ్మ మెట్లు దిగి, అత్తయ్య చెప్పుల పక్కనే తన హీల్స్ విడిచి లోపలికొచ్చింది. "ఇక్కడికొచ్చేవాళ్లు ముందు బాత్రూమ్ ఎక్కడని అడుగుతారు. ఇంత గౌరవం ఎవరూ ఇవ్వలేదు. సోమవారం పనిలోకి రా" అంది.

ఇంటికెళ్తూ కార్‌లో, అది దొరగారి భోజనాల హాలని అత్తయ్యకి చెప్పేశాను. ఆవిడ చలించలేదు. "అయితే ఏమే? అన్నం ముందు ప్రార్థన చేసుకోరా? ఆయన మర్చిపోయుంటాడు, నేను చేశాలే."

అత్తయ్య ఇప్పుడు లేదు. మొన్న మా అమ్మాయిని కోటకి తీసుకెళ్తే, హాలు గుమ్మంలో నా కాళ్లు వాటంతటవే చెప్పుల్లోంచి బయటికొచ్చేశాయి. "మమ్మీ, ఇది జస్ట్ డైనింగ్ రూమ్!" అంది అది సిగ్గుపడిపోతూ. నాకు నవ్వొచ్చింది, కళ్లూ చెమర్చాయి. చూడ్డానికి చర్చిలా ఉన్నా ఈ హాల్లో ఏనాడూ ఎవరూ ప్రార్థన చేయలేదని అప్పట్లో నా టూర్‌లో ఒక మాట ఉండేది. ఎంతో కష్టపడి బట్టీపట్టిన మాట. అత్తయ్య వచ్చివెళ్లాక అది మళ్లీ ఎప్పుడూ చెప్పలేదు.