రేగురొట్టె కలిపిన చెయ్యి

ఈమధ్య పొద్దున లేచి పెరడు ఊడవాలంటేనే నాకు ఓపిక చాలడం లేదు. నిన్న చీపురు పట్టుకుని గంగరేగు చెట్టు కిందికి వెళ్లేసరికి, గాలికి రాలిన పండ్లు నేలంతా పరుచుకుని, సగం చీమలు పట్టి, సగం నా కాళ్ల కిందే చితికి, ఆ పులుపూ తీపీ కలిసిన వాసన గుప్పున తగిలింది. నడుం పట్టుకుని అక్కడే గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. కాలేజీకి సెలవని ఇంట్లో ఉన్న మనవరాలు ఫోను చూసుకుంటూ వచ్చి, నన్ను చూసి కంగారుపడి, ఏమీ కాలేదని తెలిశాక కింద పండ్లు చూసి, వీటితో కేకు చేస్తానంది. చెయ్యి తల్లీ, నేనెందుకు అడ్డం అన్నాను. ఇదే పండ్లతో మా పుట్టింట్లో అలాంటిదే చేసేవాళ్లమని ఆ పిల్లకు ఎప్పుడూ చెప్పనేలేదు. కేకు అనే మాట అప్పట్లో మాకెక్కడిది, రేగురొట్టె అనేవాళ్లం.

మా పుట్టిల్లు ఆర్మూర్‌ చివర, పసుపు పొలాల అంచున ఉండేది. చలి తగ్గుముఖం పట్టి పసుపు తవ్వకాలు మొదలయ్యే రోజుల్లోనే మా పెరటి చెట్టు కూడా పండేది. పాత దుప్పటి పరిచి, కట్టెతో కొమ్మలు దులిపి, ముళ్లు గీరుకుని రక్తం వచ్చినా లెక్కచేయకుండా గంపలకెత్తేవాళ్లం. పండ్లు కాస్త ఉడికించి, చేత్తో పిసికి గింజలు తీసి, ఆ గుజ్జులో బెల్లం, గోధుమరవ్వ, ఉన్నంతలో నెయ్యి, రెండు యాలకులు వేసి చాలాసేపు కలపాలి. ఇక కాల్చడమంటారా, అది మా పెద్దనాన్న పుణ్యం. ఇంటి వెనకే ఆయన పసుపు ఉడకబెట్టేవాడు. చివరి కడాయి దించాక పొయ్యి నిండా కణకణలాడే నిప్పులు మిగిలేవి. కలిపిన ముద్దను ఇత్తడి గంజు గిన్నెలో వేసి, మూత పెట్టి ఆ నిప్పుల్లో కూర్చోబెట్టి, మూత మీద కూడా నిప్పులు పోసి వస్తే, పొద్దుగూకే వేళకు రొట్టె పొంగి, అంచులు ఎర్రగా కాలి, కొంచెం పసుపు పొగ వాసనతో తయారయ్యేది. ఆ వాసన లేకపోతే అది మా రొట్టె కానే కాదు.

అయితే ఆ రొట్టెకు ఒక చిక్కుండేది. మా ఇంట్లో ఆడవాళ్లంతా బీడీలు చేసేవాళ్లు. అమ్మ, మా మేనత్త, అక్క, ముగ్గురూ పొద్దుటి నుంచి తునికాకూ, అందులో చుట్టే తంబాకూ పోసిన చాటలు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాళ్లు. ఆ తంబాకు చేదు గోళ్ల సందుల్లోకి ఇంకిపోయి, చింతపండు పెట్టి తోమినా, బూడిద పెట్టి రుద్దినా పోయేది కాదు. అన్నం కలుపుకుంటే అన్నం చేదు. ఆ చేదుకు వాళ్ల నాలుకలు ఎప్పుడో రాజీపడ్డాయి గానీ, ఏడాదికొక్కసారి రేగురొట్టెనైనా చేదు లేకుండా తినాలని మా అమ్మకు ఒకటే ఆశ. అందుకని ఆ రొట్టె కలిపే పని ఇంట్లో ఇంకా చాట ముట్టని చేతిదే. చిన్నదాన్ని కాబట్టి అది నా చెయ్యి అయింది. నేను సరదాకి తునికాకు కత్తిరించబోయినా మేనత్త ఊరుకునేది కాదు.

“ముట్టకే పోరీ! నీ చెయ్యి రొట్టెకున్నది!”

రొట్టె కాలాక వాళ్లు ముట్టుకుంటే మళ్లీ చేదే కదా, అందుకని ముక్కలు తుంచి నేనే ముగ్గురి నోళ్లలో పెట్టాలి. అందరినీ కసురుకునే మా అమ్మ ఆ ఒక్క సాయంత్రం కళ్లు మూసుకుని, పసిపిల్లలా నోరు తెరిచి నా ముందు కూర్చునేది. ఇంటికంతటికీ నేనే అమ్మనైనట్టు నాకెంత గొప్పగా ఉండేదో చెప్పలేను.

ఆ గొప్ప ఎన్నాళ్లో నిలవలేదు. అక్కకు బాల్కొండ సంబంధం కుదిరి వెళ్లిపోయింది. మస్కట్‌ పోయిన నాన్నకు అక్కడ చెప్పిన పని దొరకలేదని తెలిసింది. ఇద్దరి చేతులతో ఇల్లు గడవదని, నన్ను కూడా బీడీలకు కూర్చోబెట్టమని మేనత్త అడగనే అడిగింది. ఆమెదీ తప్పని అనను, ఇల్లు అలా ఉంది. అమ్మ మాత్రం చాట మీంచి తల ఎత్తకుండానే అంది.

“రేగుపండ్లు ఒడిసెదాంక ఆగు వదినె. గా పిల్లను కదిలియ్యకు.”

అంటే చెట్టు మీద పండ్లున్నంత కాలమే నాకు గడువు. ఆ ఏడు చిటారు కొమ్మలు నేను దులపలేదు. అందవు అని చెప్పేదాన్ని. అందుతాయని అమ్మకు తెలుసు. చివరికి ఒక రోజు ఈదురుగాలి వచ్చి అవన్నీ తానే రాల్చేసింది. ఆ పండ్లతో రొట్టె కలిపాను, అందరికీ తినిపించాను, మరునాడు చాట ఒళ్లో పెట్టుకున్నాను.

పై ఏడు పండ్లు వచ్చేసరికి ఇంట్లో చేదు లేని చెయ్యి లేదు. ఈసారి మానేద్దాం అన్నాను. అమ్మ వినలేదు, నువ్వే కలపాలంది. చేతులు మంటపుట్టేదాకా తోముకుని కలిపాను. ఎప్పటిలాగే అమ్మ కళ్లు మూసుకుని నోరు తెరిచింది. ముక్క తుంచి పెట్టాను. నమిలి మింగి కళ్లు తెరిచి, నా మొహం చూసింది.

“చేదు లేదు బిడ్డా. మస్తు తియ్యగున్నది.”

తర్వాత నేనూ తిన్నాను. గొంతులో దిగలేదు, అంత చేదు. పెరట్లోకి పోయి ఏడ్చాను. నేను అత్తారింటికి వచ్చేదాకా ఏటా అదే రొట్టె, అదే మాట. ఇప్పుడు పసుపు ఉడకబెట్టడానికి ట్రాక్టరు వెనక ఆవిరి డ్రమ్ములు వస్తున్నాయి, అన్ని నిప్పులు మిగిలే పొయ్యి ఎక్కడా కనపడదు. అమ్మా లేదు. వేళ్లు వంగక నేనూ చాట పక్కన పెట్టేశాను.

మనవరాలు గుజ్జు మిక్సీలో వేసింది, పిండి గరిటెతో తిప్పింది, ఓవెన్‌లో పెట్టింది. చెయ్యి అంటకుండానే పనంతా అయిపోయింది. ప్లేటులో ముక్క పట్టుకొచ్చి నా ముందు నిలబడగానే, నాకు తెలియకుండానే కళ్లు మూసుకుని నోరు తెరిచాను. ఆ పిల్ల పకపకా నవ్వి, నా చేతిలో స్పూను పెట్టింది. తిన్నాను. మెత్తగా, కమ్మగా ఉంది. ఎట్లుందని అడిగింది.

“చేదు లేదు బిడ్డా” అన్నాను.

“కేకు చేదెందుకుంటది బాపమ్మా!” అనుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

నిజమే, ఎందుకుంటుంది. ఆ సంగతి తెలియాల్సిన అవసరం ఆ పిల్లకు లేకుండా పోయినందుకు నాకు సంతోషమే. కాకపోతే రెండో ముక్క స్పూనులోకి తీసుకున్నాక, ముందు ఎవరి నోట్లోనో పెట్టాల్సి ఉన్నట్టు, నా చెయ్యి కాసేపు అలాగే ఆగిపోయింది.