పొంగిన ఆయిల్ డబ్బా

స్వామిదాసు నడిపే పికప్ బండి అతనిది కాదు. ఎల్లారెడ్డిలో భూములున్న నర్సింహులుది. నాట్ల కాలంలో ఆడకూలీలను తాడ్వాయి వైపు పొలాలకు తీసుకెళ్లడం, మిగతా రోజుల్లో కామారెడ్డి మార్కెట్‌కు మక్కజొన్నలు చేరవేయడం స్వామిదాసు పని. బండి ముసలిదైపోయింది. ఇంజిన్‌లోంచి వచ్చే ఆవిరితో పాటు ఆయిల్ కూడా గాలిపైపులోకి చేరి, ఎత్తు ఎక్కేచోట నీలంపొగ కక్కేది.

కామారెడ్డి మెకానిక్ శైలేందర్ ఆ ఆవిరి పైపుకు మధ్యలో ఒక చిన్న డబ్బా బిగించాడు. ఆవిరి దాంట్లోంచి సాగిపోతుంది, ఆయిల్ అడుగున ఆగిపోతుంది. అడుగు బోల్టు విప్పి పారబోయాలి.

"ఇది మందు గాదన్నా," అన్నాడు శైలేందర్. "ఇంజిన్ లోపలి రింగులు అరిగినయ్. డబ్బా జల్ది జల్ది నిండుతుందంటే ఇంజిన్ విప్పుడే. పొంగిందనుకో, ఆ ఆయిల్ గాలితోటి ఇంజిన్ లోపలికి పోతది. డీజిల్ బండాయె, ఆయిలే తాగి ఉరుకుతది. తాళంచెవి తీసినా ఆగది."

మొదట్లో వారానికోసారి పారబోసేవాడు. వానలు పడేసరికి పూటకోసారి అయింది.

"పటేలా, డబ్బా ఆగుతలేదు. ఇంజిన్ విప్పియ్యాలె," అన్నాడు నర్సింహులుతో.

"నాట్ల మీద బండి పండబెడితే కూలోళ్లను నెత్తిన పెట్టుకొని తీస్కపోవాల్నా? డబ్బా పెట్టించిందెందుకు? పారబొయ్యి, నడుపు."

నడిపాడు. తను కాదంటే ఇంకొకడు నడుపుతాడు. ఆ ఇంకొకడు డబ్బా వంక చూడను కూడా చూడడు. ఆ బండిలోనే అతని భార్య ఈరవ్వ కూడా కూలికి పోతుంది.

ఒకరోజు తిరుగు ప్రయాణానికి ముందు కూడా డబ్బా పారబోశాడు. ఈరవ్వ పక్కనే చేతుల బురద కడుక్కుంటూ చూసింది. లింగంపేట దాటాక, ఎత్తు ఎక్కుతుండగా, ఇంజిన్‌లో ఏదో టప్పున విరిగింది. కాసేపటికి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసినా బండి జోరు తగ్గలేదు. డబ్బా పొంగిందని స్వామిదాసుకు అర్థమైంది. పక్కకు లాగి ఆపి, తాళంచెవి తీశాడు. ఇంజిన్ ఇంకా గట్టిగా అరిచింది. గేరులో వేసి, బ్రేకు తొక్కి, క్లచ్చు వదిలాడు. అరిగిన క్లచ్చు జారిందే తప్ప ఇంజిన్ ఆగలేదు. పొగలో రోడ్డు కనబడకుండా పోయింది.

"దిగుండ్రి, దూరం ఉరుకుండ్రి," అని కేకేశాడు.

ఆడవాళ్లు దూకేశారు. మోకాళ్లు వంగని పెద్దవ్వ ఒక్కతే దిగలేకపోయింది. ఈరవ్వ ఆమెను చంకల కింద పట్టి లాగుతోంది.

"నువ్వు దిగే ముందుగాల," అని ఆమె మీద అరిచాడు స్వామిదాసు.

"అవ్వనెట్ల ఇడిసిపెడ్త?"

స్వామిదాసు బానెట్ ఎత్తాడు. గాలి అందకపోతే ఇంజిన్ చస్తుంది. గాలిపైపు ఊడబీకి, తువ్వాల మడతపెట్టి ఇంజిన్ గాలి పీల్చే మూతికి అదిమాడు. ఇంజిన్ ఊపిరాడక దగ్గింది. జోరు తగ్గుతోంది అనుకుంటుండగానే లోపలి ఇనుపకడ్డీ విరిగి, ఇంజిన్ పక్కను చీల్చుకొని వచ్చి అతని కుడి మణికట్టును కొట్టింది.

పెద్దవ్వ బతికింది. ఈరవ్వకు ఏమీ కాలేదు. కామారెడ్డి దవాఖానలో స్వామిదాసు చెయ్యి తీసేశారు.

నర్సింహులు పండ్లు పట్టుకొని చూడవచ్చాడు. మంచం పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు: "పారబొయ్యిమని చెప్తనే ఉంటి గద. మర్చిపోయినవు కావచ్చు."

స్వామిదాసు కళ్లు మూసుకున్నాడు. ఈరవ్వే లేచి నిలబడింది.

"నా ముంగటనే పారబోసిండు పటేలా. ఇంజిన్ విప్పియ్యమని నీకు చెప్పింది గూడ నాకెరికే."

నర్సింహులు పనుందని లేచి వెళ్లాడు. శైలేందర్ ఇంజిన్ విప్పి, రింగు విరగడంతో డబ్బా ఉన్నపాటున నిండిపోయిందని తేల్చాడు. ఆ మాట షెడ్డు దాటలేదు. ఊళ్లో నిలిచింది నర్సింహులు మాటే.

స్వామిదాసు ఇప్పుడు వడ్ల గోదాము దగ్గర కావలి ఉంటున్నాడు. ఆదివారం చర్చి అయ్యాక పెద్దవ్వ వచ్చి గడపలో కూర్చుంటుంది.

"నా పానం కోసం నీ చెయ్యి పాయె బిడ్డా."

"అట్లనకు అవ్వా," అంటాడు.

ఆమె వెళ్లాక అన్నానికి కూర్చుంటాడు. ఎడమచేత్తో ముద్ద సరిగ్గా కుదరదు. లోపలి కోపం నర్సింహులు ఇంటిదాకా నడవలేదు, కూరలో ఉప్పు మీద పడుతుంది, ఈరవ్వ మీద పడుతుంది. ఆమె కింద పడ్డ మెతుకులు ఏరుతుంది.