ఏ ఫైలు చదువుతోందో

ఆ రోజు సాయంత్రం ఐదింటికల్లా పని పంపకపోతే నా ఉద్యోగం పోతుంది. మూడు నెలల పరీక్షాకాలంలో అది చివరి వారం. గోదావరిఖనిలో మా క్వార్టర్ ముందుగదిలో, ఇస్త్రీ బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని పొద్దుటి నుంచీ కూర్చున్నాను. కూర్చున్నాననడం అబద్ధం. లేస్తున్నాను, నీళ్లు తాగుతున్నాను, మళ్లీ కూర్చుంటున్నాను.

నేను రాసిన కోడ్ నిండా ఎర్రగీతలు. ఎడిటర్ వెనక లాంగ్వేజ్ సర్వర్ అని ఒకటి నడుస్తూ మన తప్పులు పడుతుంది. ఏది తప్పో ఏది ఒప్పో దానికి సెట్టింగుల ఫైలులో రాసిపెట్టాలి. రాశాను. మార్చాను. మార్చిందే మళ్లీ మార్చాను. ఒక్క గీత కదల్లేదు. ఒళ్లు మండి ఆ ఫైలులో పిచ్చిరాతలు రాసి సేవ్ చేశాను. అయినా అవే గీతలు. అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది. కోపమే వచ్చింది.

మూడు దాటాక ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగుకు కిటికీ అద్దాలు గలగలమన్నాయి. కాసేపటికి మొదటి షిఫ్టు ముగించుకుని మా నాన్న వచ్చాడు. మేం బాపు అంటాం.

"ఏందే బిడ్డా, గట్ల చిటపటలాడుతున్నవ్?"

"ఎన్నిసార్లు రాసినా ఇంటలేదు బాపూ ఇది."

"నువ్వు రాసిన కాయిదమే సదువుతున్నదని ఎవలు జెప్పిండ్రు?"

"నీకు తెల్వది, ఊకో" అని కసిరాను.

బాపు కాళ్లు కడుక్కోవడానికి లోపలికి పోయాడు. కానీ నాకంటే ఆయనకే బాగా తెలుసు. బాపుకు రెండు పేర్లు. గనిలో చేరినప్పుడు ఊళ్లో ఇంకొకరి పేరు మీద చేరాడు. మావైపు దాన్ని మారుపేరు అంటారు, చాలా ఇళ్లల్లో ఉన్న సంగతే. ఇంట్లో ఒక పేరు, డ్యూటీలో హాజరుకు మస్టర్ పిలిచేటప్పుడు మరో పేరు. సొంత పేరు రాయమని ఎన్ని దరఖాస్తులు పెట్టుకున్నా, ఆఫీసులో తెరిచి చూసేది చేరిన నాటి కాగితాన్నే. వచ్చే ఏడాది రిటైరవుతాడు. ఇప్పటికీ ఆ పేరుకే పలుకుతున్నాడు.

నాకు సిగ్గేసింది. సర్వర్ లాగ్ తెరిచాను. అది మొదలైనప్పటి నుంచి ఏం చేసిందో అందులో వరసగా ఉంటుంది. పైనే కనబడింది: అది చదువుతున్నది నా ఫైలు కాదు. ప్రాజెక్టు ఫోల్డరు తెరవాల్సింది పోయి దాని పై ఫోల్డరు తెరిచాను. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నేనే కాపీ చేసి మరిచిపోయిన పాత ఫైలు అక్కడుంది. దాన్ని తీసేసి, సరైన ఫోల్డరు తెరిచి, సర్వర్‌ను మళ్లీ మొదలుపెట్టాను. గీతలు రెండు మిగిలాయి, అవి నిజంగా నా తప్పులే. దిద్ది, ఐదుకు పది నిమిషాల ముందు పంపేశాను.

"దొరికింది బాపూ. ముందుగాల పెట్టిన పాతదాన్నే పట్టుకొని కూసున్నది."

బాపు అన్నం ముందు కూర్చుని ఉన్నాడు.

"మార్చినవా?"

"మార్చిన."

"మార్చనిచ్చిందా?" అన్నాడు, ముద్ద చేతిలోనే పట్టుకుని.