ముత్తుకూరు బస్సులో నిబంధన పాఠం

సండే స్కూల్లో నిబంధన పాఠం, అంటే దేవుడు తన ప్రజలతో చేసుకున్న ఒడంబడిక గురించిన పాఠం, చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నాకు ముత్తుకూరు బస్సు గుర్తొస్తుంది.

ఆ ఆదివారం ఆరాధన అయినాక బస్సెక్కితే, నా పక్కన ఒక పెద్దామె కూర్చుంది. ఒళ్లో టిఫిన్ క్యారియరు, చేతిలో మాసిపోయిన వాగ్దాన కార్డు. కొత్త సంవత్సరం రోజు మా చర్చిల్లో తలా ఒకటి తీస్తామే, అదే. తల్లి తన బిడ్డను మరిచినా నేను నిన్ను మరవనని దేవుడన్న మాట దాని మీద ఉంది.

పాఠాలు చెప్పే నోరు ఊరుకోదు కదా. "అమ్మా, అది మనకు చెప్పింది కాదు. దేవుడు యూదులతో చేసుకున్న నిబంధన," అన్నాను.

"తెలుసు నాయనా. వాళ్లు ఎన్నిసార్లు ఆయన్ను వదిలేసి పోయినారు? ఆయన వదిలినాడా? అట్టాంటి ఆయన మాట గాబట్టే పట్టుకున్నా."

కాసేపటికి తనే చెప్పింది. కొడుకు పోట్లాడి ఇల్లు వదిలి, పోర్టు పనిలో చేరి రెండేళ్లయిందట. ప్రతి ఆదివారం చేపల పులుసు, అన్నం తీసుకుపోయి, అతను ఉండే రూముల గేటు దగ్గర వాచ్‌మన్‌కు ఇచ్చి వస్తుందట. కొడుకు బయటికి రాడు.

"ఒక్కసారి కూడా రాలేదా? మరి ఇంకా ఎందుకమ్మా పోవడం?"

ఆమె నవ్వింది.

"పోయిన వారం క్యారియరు వాచ్‌మన్ తిరిగిస్తాడు గదా. మొదట్లో మావాడు మూత గూడా తీసేవాడు కాదు, అన్నం పాచిపోయి వచ్చేది. తర్వాత ఎంగిలి గిన్నెలు వచ్చినాయి. ఇప్పుడు కడిగి పంపిస్తన్నాడు నాయనా."